మడత చాకు: ఖరీదైన పిడికి డబ్బు పెట్టాలా?



ఈమధ్య మన వాళ్ల ఫోన్లలో మడత చాకుల ఫోటోలు ఎక్కువయ్యాయి. ఒకటి నల్లగా నిగనిగలాడుతుంది, పిడి కార్బన్ ఫైబర్ అంటారు. ఇంకొకటి బూడిద రంగు, టైటానియం అంటారు. ధర చూస్తే సంతలో దొరికే చాకుకు పదింతలు, ఇరవై ఇంతలు. "ఇది కొంటే జీవితాంతం వస్తుందంట కదా, కొనొచ్చా?" అని అడిగేవాళ్లు పెరిగారు. అందుకే ఈసారి పిడి గురించే మాట్లాడుకుందాం. చాకు అనండి, చూరి అనండి, వస్తువు ఒకటే.

ముందే ఒక్క మాటలో చెప్పేస్తాం. పురుగుల పని చేసేవాళ్లకు పిడి ముఖ్యమే. కానీ ఖరీదైన పిడి, మంచి పిడి ఒకటి కాదు. తడి చేతిలో జారకుండా, దేన్నీ పీల్చుకోకుండా, లోపలి ఇరుసును గట్టిగా పట్టి ఉంచే పిడి మనకు మంచి పిడి. అది తక్కువ ధరలోనే దొరుకుతుంది. ఆ పైన పెట్టే డబ్బు చాలావరకు అందానికే పోతుంది. ఎందుకో వివరంగా చూద్దాం.

*మన చేతిలో చాకు చేసే పని*

చాకీ పురుగులకు ఆకు సన్నగా తరగడం మడత చాకు పని కాదు. దానికి పెద్ద కత్తి ఉంది, మిషన్ ఉంది. కొమ్మలు కోయడానికి కొడవలి, ప్రూనింగ్‌కు కత్తెర, రంపం ఉన్నాయి. మడత చాకు జేబులో ఉండి చిల్లర పనులన్నీ చేసే వస్తువు. డ్రిప్ పైపు కోయాలి. కొమ్మల మోపు తాడు తెంపాలి. పేపరు చించాలి. శిడ్లఘట్టకో రామనగరానికో గూళ్లు వేసుకుపోయినప్పుడు మూట కట్లు విప్పాలి. గూళ్లు దించే ముందు ఒకటి రెండు కోసి, లోపల ప్యూపా గట్టిపడి ముదురు రంగుకు వచ్చిందా అని చూడాలి. తోటలో చెట్టు వాడిపోతుంటే మొదట్లో బెరడు గీరి, వేరుకుళ్లా కాదా అని చూడాలి.

నర్సరీ వేసేవాళ్లకు పని ఇంకా ఎక్కువ. మూడు నాలుగు కళ్లు ఉండేట్టు, 15 నుంచి 20 సెంటీమీటర్ల ముక్కలు వందల లెక్కన కోయాలి. కోత ఏటవాలుగా, నున్నగా రావాలి. బెరడు చీలితే ఆ ముక్క కుళ్లిపోతుంది.

ఈ పనుల్లో మూడు సంగతులు ఎప్పుడూ ఉంటాయి. చేయి తడిగా ఉంటుంది. మల్బరీ పాలు అంటుకుని జిగటగా ఉంటుంది. చాకు తోటకూ షెడ్డుకూ మధ్య తిరుగుతూ ఉంటుంది. పిడిని ఈ మూడింటితో తూచాలి.

*ఏ పిడి ఎలాంటిది*

*కట్టె పిడి.* చేతికి హాయిగా ఉంటుంది. ఎండలో కాలదు, చలిలో జిల్లుమనదు. ఫ్రాన్స్‌లో సవోయ్ కొండ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన 1890లో ఒక మడత చాకు చేశాడు. రైతుల కోసం చేసిన సాదా చాకు అది. బీచ్ కట్టె పిడి, ఒక బ్లేడు, అంతే. 1955లో బ్లేడు మడతపడి వేలు తెగకుండా ఒక ఉక్కు ఉంగరం చేర్చారు. ఈనాటికీ దాదాపు అదే రూపంలో అమ్ముతున్నారు. కట్టె పిడి చాకు పనికిరాదని ఎవరైనా అంటే ఇదే జవాబు.

అయితే దాని లోపం కూడా ప్రపంచానికంతా తెలుసు. తడిస్తే కట్టె ఉబ్బుతుంది, బ్లేడు బిగుసుకుపోయి తెరుచుకోదు. మన వానాకాలంలో, తడి ఆకు మధ్య, ఇది నిజమైన ఇబ్బంది. అవిసె నూనె పట్టిస్తే కొంత ఆగుతుంది. కట్టె పీల్చుకునే గుణం మాత్రం పూర్తిగా పోదు. ఈ సంగతి మనకు ఎందుకు ముఖ్యమో కింద చెబుతాం.

*మామూలు ప్లాస్టిక్ పిడి.* చాలా చవక. కొత్తలో బాగుంటుంది. నాసిరకం ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కి, రివెట్ దగ్గర పగులుతుంది. అక్కడ పగిలిందంటే బ్లేడు ఊగుతుంది. ఊగే బ్లేడు వేలికి ప్రమాదం.

*గాజు నార కలిపిన నైలాన్.* చూడటానికి ఇదీ ప్లాస్టిక్కే. కానీ నైలాన్‌లో సన్నటి గాజు నార కలిపి అచ్చు పోస్తారు. గట్టిగా ఉంటుంది, తేలిక, నీళ్లు తాగి కట్టెలా బిగుసుకుపోదు. అచ్చులోనే గరుకు గీతలు పోస్తారు కాబట్టి తడి చేతిలో బాగా ఆగుతుంది. అమెరికాలో పేరున్న కంపెనీలు కూడా పనికొచ్చే చాకులకు ముప్పై ఏళ్లకు పైగా ఇదే వాడుతున్నాయి. చవకగా కనిపిస్తుందని మనవాళ్లు దీన్ని పక్కన పెడతారు. మన పనికి మొదట చూడాల్సింది ఇదే.

*మికార్టా.* గుడ్డ పొరలనో కాగితం పొరలనో రెసిన్‌లో తడిపి, వేడిచేసి, అదిమి చేసిన పలక. 1910 ప్రాంతంలో అమెరికాలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ కరెంటు సామాన్లలో వాడటానికి చేసింది. తరువాత చాకులకు వచ్చింది. పాలిష్ పెట్టని గుడ్డ మికార్టా తడిసినప్పుడు చేతికి ఇంకా బాగా పట్టుకుంటుంది. ఇది దాని గొప్ప. కాకపోతే చేతి జిడ్డునూ నూనెనూ కొంచెం పట్టుకుని నల్లబడుతుంది.

*జీ10.* మికార్టాకు తమ్ముడు లాంటిది. గుడ్డ బదులు గాజు గుడ్డ, రెసిన్‌గా ఎపాక్సీ. టీవీల్లో, మోటారు కంట్రోలర్లలో ఉండే ఆకుపచ్చ సర్క్యూట్ బోర్డు దీని జాతే. దాదాపు ఏమీ పీల్చుకోదు, ఉబ్బదు, పగలదు. గరుకుగా చేస్తే జారదు. మరీ గరుకుగా ఉంటే ప్యాంటు జేబు అంచును తినేస్తుంది, అంతే. ఖరీదైన వాటిలో మన పనికి నిజంగా సరిపోయేది ఇదొక్కటే అనవచ్చు.

*అల్యూమినియం.* తేలిక, గట్టి. పైన రంగు పూత ఉంటుంది. నున్నటి అల్యూమినియం తడి చేతిలో జారుతుంది. ఇంకో సంగతి, సున్నపు నీళ్లు దీనికి శత్రువు. సున్నం తగిలితే పూత పోయి తెల్లగా పొడి రాలుతుంది. షెడ్డులో సున్నం లేని రోజు మనకు ఎక్కడుంది?

*టైటానియం.* తుప్పు పట్టదు, బ్లీచింగ్‌కు కూడా చెక్కుచెదరదు. ఉక్కుకన్నా చాలా తేలిక. కొన్ని చాకుల్లో పిడి పలకనే స్ప్రింగులా వంచి బ్లేడుకు తాళంగా వాడతారు. అక్కడ టైటానియంకు నిజంగా పని ఉంది. కానీ నున్నగా ఉంటుంది, జిగట చేతిలో తిరుగుతుంది. పిడి ఎంత టైటానియం అయినా బ్లేడు మాత్రం ఉక్కే. షెడ్డు మందులో ముంచితే పిడి మెరుస్తూ ఉంటుంది, బ్లేడు తుప్పు పడుతుంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

*కార్బన్ ఫైబర్.* ఎంత తేలిక అంటే, ఒక ఘన సెంటీమీటరు సుమారు 1.6 గ్రాములే తూగుతుంది. జీ10 సుమారు 1.8, అల్యూమినియం 2.7, టైటానియం 4.5, ఉక్కు 8కి దగ్గర. లెక్క బాగానే ఉంది. కానీ చాకు పిడికి పట్టేది రెండు పల్చటి పలకలు. జీ10 తీసి కార్బన్ ఫైబర్ వేస్తే మిగిలే బరువు కొన్ని గ్రాములు మాత్రమే. మోపు మోసే మనకు ఆ తేడా తెలుస్తుందా? పాలిష్ చేసింది అయితే తడి చేతిలో జారుతుంది కూడా.

*కొమ్ము, ఇత్తడి, గంధం రంగు పిడులు.* ఇవి చూడటానికే. ఇత్తడి బరువు, మందు తగిలితే నల్లబడుతుంది. దుప్పి కొమ్ము పిడి విషయంలో ఒక హెచ్చరిక. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మన దేశంలో అమల్లో ఉంది. అడవి జంతువు కొమ్ము, రాలిపడిందైనా సరే, అనుమతి లేకుండా దగ్గర పెట్టుకుంటే కేసు అవుతుంది. అడవి అంచున ఉన్న ఊళ్లవాళ్లు ఎవరైనా "అసలైన కొమ్ము" అని అమ్మితే తీసుకోవద్దు.

*ధర ఎక్కడ పెరుగుతుంది?*

నైలాన్ పిడికి ఒకసారి అచ్చు చేసుకుంటే చాలు. తరువాత ఒక్కో పిడి అచ్చు నుంచి క్షణాల్లో బయటకు వస్తుంది. జీ10కి, మికార్టాకు అలా కుదరదు. పలక తెచ్చి, మిషన్‌పై కోసి, అంచులు రుద్ది, తూట్లు వేయాలి. గాజు నార పళ్లున్న పనిముట్లను త్వరగా అరగదీస్తుంది. దాని దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది కాబట్టి ఏర్పాట్లు కావాలి. టైటానియం సరుకే ఖరీదు, కోయడం కష్టం, నెమ్మదిగా కోయాలి. కార్బన్ ఫైబర్ కూడా అంతే.

అంటే మనం కట్టే ధర ఆ సరుకు ఎంత కష్టపడి తయారైందో చెబుతుంది. మన చేతిలో ఎంత బాగా పని చేస్తుందో చెప్పదు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే ఎక్కువమంది డబ్బు వదులుకుంటారు.

*మనకు మాత్రమే ఉన్న లెక్క: పిడి ఏం పీల్చుకుంటుంది?*

చాకుల గురించి మాట్లాడే పట్నంవాళ్లు ఈ సంగతి చెప్పరు. వాళ్లకు పురుగులు లేవు కదా. మనకు అసలైన లెక్క ఇక్కడే ఉంది.

మొదటిది పొగాకు. నికోటిన్ పట్టుపురుగుకు విషం. పొగాకు తోట పక్కన మల్బరీ వేయొద్దని మన పెద్దలు ఊరికే చెప్పలేదు. ఆ ఆకు తిన్న పురుగు మేత ఆపేస్తుంది, తల పైకెత్తుతుంది, నోటి నుంచి రసం కక్కుతుంది. పొగాకు కాడ కోసిన చాకుతో, ఖైనీ నలిపిన చేతితో మల్బరీ ఆకు ముట్టుకోకూడదు. బ్లేడు కడిగితే పోతుంది. కట్టె పిడి పగుళ్లలో, రివెట్ చుట్టూ ఇరుక్కున్నది అంత సులువుగా పోదు.

రెండోది పురుగుమందు. టమాటా తోటకు, చామంతికి మందు కొట్టే రోజు ప్యాకెట్ కోసేది ఈ చాకుతోనే. చేతికి అంటిన మందు పిడికి అంటుతుంది. కట్టె పిడి దాన్ని తాగుతుంది. మరునాడు అదే పిడి పట్టుకున్న చేతితో కొమ్మలు సర్దుతాం. చెమట పట్టినప్పుడు మందు మళ్లీ చేతికి వస్తుంది. ఇది పురుగుకే కాదు, మనకూ చెడ్డదే.

మూడోది రోగం. పాలరోగం వచ్చిన పురుగు పగిలితే కారే పాలలాంటి రసంలో రోగపు కణాలు కోట్ల లెక్కన ఉంటాయి. ఆ రసం ఎండి దుమ్మైనా అవి చాలాకాలం బతికే ఉంటాయి. మడత చాకులో బ్లేడు దాక్కునే సందు ఉంది చూడండి, దుమ్ము, ఆకు పాలు, పేపరు పొడి అన్నీ అక్కడ చేరతాయి. పంట అయిపోయాక షెడ్డు గోడలూ స్టాండ్లూ చంద్రికలూ అన్నీ కడుగుతాం. జేబులో చాకు ఎవరికీ గుర్తుండదు.

అందువల్ల మన పిడి పీల్చుకోనిదై ఉండాలి, కడగడానికి వీలుగా ఉండాలి. ఈ పరీక్షలో నైలాన్, జీ10 పాస్. టైటానియం కూడా పాసే, అయితే దాని ధర మనకు అనవసరం. కట్టె వెనకబడుతుంది. మికార్టా మధ్యలో ఉంటుంది. అల్యూమినియం సున్నం దగ్గర ఫెయిల్.

*చాకు ఎలా కడగాలి*

ముందు పాలు, మురికి పోవాలి. మురికి ఉండగా బ్లీచింగ్‌లో ముంచితే మందు బలమంతా ఆ మురికిమీదే పోతుంది. ఎండిన మల్బరీ పాలు ఊడకపోతే రెండు చుక్కల కొబ్బరి నూనె రాసి రుద్దండి, తరువాత సబ్బుతో కడగండి. చాకు పూర్తిగా తెరిచి, సందులో పాత టూత్‌బ్రష్ పెట్టి తోమండి.

తరువాత షెడ్డు సామాన్లకు కలుపుకునే ద్రావణంలోనే, అంటే 0.3 శాతం సున్నపు నీళ్లలో 2 శాతం బ్లీచింగ్ పౌడరు వేసిన దాంట్లో, మిగతా సామాన్లను ఎంతసేపు ఉంచుతామో అంతసేపే ఉంచండి. రాత్రంతా వదిలేయొద్దు, ఉక్కును తినేస్తుంది. తీశాక మంచి నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలో తెరిచి పెట్టండి. ఆరాక ఇరుసు దగ్గర ఒక చుక్క నూనె. మళ్లీ ఆకు దగ్గరకు తీసుకుపోయే ముందు బ్లేడు శుభ్రంగా తుడవండి. కిరసనాయిలు, గ్రీజు వద్దు, ఆ వాసన ఆకుకు పడుతుంది.

ఇంతకన్నా సులువైన దారి ఇంకొకటి ఉంది. రెండు చాకులు పెట్టుకోండి. జేబులో మడత చాకు తోటకూ బజారుకూ. షెడ్డు లోపల మడత లేని, సందులు లేని చిన్న కత్తి ఒకటి, అది గడప దాటి బయటకు రాకూడదు. ఖరీదైన ఒక చాకు కన్నా చవకైన రెండు చాకులు పంటను ఎక్కువ కాపాడతాయి.

*మరి డబ్బు ఎక్కడ పెట్టాలి?*

ఉదాహరణకు ఒక చాకు నాలుగు వందలు, ఇంకొకటి నాలుగు వేలు అనుకుందాం. తేడా మూడువేల ఆరు వందలు. ఆ తేడా పిడి మీద పోతే పని మారదు. ఉక్కు మీద, తాళం మీద పోతే పని మారుతుంది.

ఉక్కులో రెండు దారులు. కార్బన్ ఉక్కు ఇంటి సానరాయి మీద రెండు నిమిషాల్లో పదునెక్కుతుంది, నర్సరీ కోతకు చాలా బాగుంటుంది. కానీ మల్బరీ పాలకు నల్లబడుతుంది, తుడవకపోతే తుప్పు. స్టెయిన్‌లెస్ ఉక్కు తుప్పుకు ఆగుతుంది, దాంట్లో పదును ఎంతసేపు నిలుస్తుందనేది ఉక్కు రకాన్నీ, కాల్చి చల్లార్చిన పద్ధతినీ బట్టి ఉంటుంది. బ్లేడు మీద చెక్కిన ఉక్కు పేరు చూసి మురిసిపోవద్దు. మరీ చవక చాకు మీద పెద్ద పేరు ఉంటే అనుమానించండి.

తాళం ఇంకా ముఖ్యం. అన్ని మడత చాకులకూ తాళం ఉండదు. స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ వాళ్ల ఎర్ర పిడి జేబు చాకుల్లో చాలావాటికి స్ప్రింగు మాత్రమే ఉంటుంది. గట్టిగా పొడిస్తే, వెనక్కి ఒత్తిడి పడితే మడతపడుతుంది. తాడు కోయడానికి అది చాలు. బెరడు గీరడానికీ, పైపులో పొడిచి కోయడానికీ తాళం ఉన్నదే కావాలి. ఆ ఎర్ర పిడి కూడా మామూలు ప్లాస్టిక్ జాతే అని గుర్తుపెట్టుకోండి. అంత పేరున్న చాకుకు అది సరిపోయింది.

*కొనేటప్పుడు చేతిలో పట్టుకుని చూడండి*

▪️ చేయి తడుపుకుని పట్టుకోండి. అంగడివాడు ఏమనుకున్నా పరవాలేదు. జారితే వద్దు.

▪️ బ్లేడు తెరిచి అటూ ఇటూ ఊపండి. కొత్తదే ఊగితే ఆరు నెలలకు ఇంకా ఊగుతుంది.

▪️ తాళం పడ్డాక బ్లేడు వీపును బల్ల అంచుకు మెల్లగా ఒత్తండి. వేళ్లు దారిలో లేకుండా చూసుకోండి. తాళం జారితే అక్కడే పెట్టేయండి.

▪️ మడిచినప్పుడు బ్లేడు మధ్యలో కూర్చోవాలి. ఒక పక్క రాసుకుంటే పదును పోతుంది.

▪️ పిడి పలకలకు స్క్రూలు ఉన్నాయా, రివెట్లా చూడండి. స్క్రూలు ఉంటే విప్పి కడగొచ్చు, బిగించొచ్చు. మన పనికి ఇది కార్బన్ ఫైబర్ కన్నా విలువైన సంగతి.

▪️ ముదురు ఆకుపచ్చ, గోధుమ రంగు పిడి తోటలో పడితే దొరకదు. నారింజో పసుపో అయితే కొమ్మల మోపులో పోయినా కనిపిస్తుంది. మేతలో కలిసిపోయి స్టాండు మీదకు చేరే ప్రమాదం కూడా తగ్గుతుంది.

ఒక జాగ్రత్త. జీ10, నైలాన్ కరెంటు పాకని సరుకులే. కానీ చాలా చాకుల్లో పిడి లోపల ఉక్కు పలకలు, బయటకు స్క్రూలు ఉంటాయి. మోటారు స్టార్టరు దగ్గర వైరు చెక్కడానికి చాకు పిడిని నమ్మొద్దు. మెయిన్ ఆపి, అసలు పనిముట్టు వాడండి.

*అయితే ఖరీదైన పిడి ఎవరికీ వద్దా?*

అలా అనలేం. రోజూ గంటల తరబడి నర్సరీ ముక్కలు కోసేవాళ్లు, అంట్లు కట్టేవాళ్లు జీ10 గానీ మంచి మికార్టా గానీ తీసుకుంటే చేయి తక్కువ అలిసిపోతుంది, జారడం తగ్గుతుంది. చెమట ఎక్కువ పట్టే చేతులకు కూడా అంతే. అక్కడ ఆ డబ్బు పనిలో తిరిగి వస్తుంది.

ఇక మోజు సంగతి. మంచి వస్తువు చేతిలో ఉండాలని ఎవరికైనా ఉంటుంది. పంట బాగా వచ్చి, అప్పులు తీరి, ఒక అందమైన చాకు కొనుక్కుంటే తప్పేమీ లేదు. దాన్ని సరదా ఖాతాలో రాసుకోండి, సేద్యం ఖాతాలో రాయకండి. షెడ్డు మందులో ముంచకండి, పండక్కి జేబులో పెట్టుకోండి.

మొత్తానికి మన లెక్క ఇది. గరుకైన నైలాన్ పిడి, ఊగని ఇరుసు, నమ్మకమైన తాళం, మీ సానరాయికి లొంగే ఉక్కు ఉన్న మడత చాకు ఒకటి. షెడ్డుకు విడిగా చిన్న కత్తి ఒకటి. ఈ రెండూ కొన్నాక డబ్బు మిగిలితే అప్పుడు పిడి అందం గురించి ఆలోచిద్దాం.

మీ దగ్గరున్న చాకు పిడి ఏ రకం, ఎన్ని పంటలు చూసింది, వానాకాలంలో ఎలా ఉంటుంది, ఒక ఫోటో తీసి రాయండి. కోలారు వైపు వాళ్లకు, హోసూరు వైపు వాళ్లకు ఒకరి అనుభవం ఒకరికి పనికొస్తుంది. ఇప్పుడు పంట దించి షెడ్డు కడుగుతున్నవాళ్లు మాత్రం ముందు జేబులో చాకు తీసి ఆ బకెట్‌లో వేయండి.